ఉమ్మడి మురుగు గొట్టం: ఖర్చు ఎవరిపై ఎంత?



సోదరులారా! ఈ వారం మనం మాట్లాడుకోబోయేది మురుగు గొట్టం గురించి. మింబర్ దగ్గర ఈ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే ఫిఖ్హ్ గ్రంథాలను తెరిచి చూస్తే సాధారణంగా మొదటి అధ్యాయం తహారత్‌దే, అంటే శుచిశుభ్రతలదే. ఏ నీరు పరిశుద్ధం, ఏది అపరిశుద్ధం, దుస్తులకు తగిలిన మాలిన్యాన్ని ఎలా తొలగించుకోవాలి అనే చర్చ ముగిసిన తర్వాతనే నమాజు అధ్యాయం మొదలవుతుంది. వుజూ చేసుకుని గడప దాటిన మనిషి, సందులో పొంగి పారుతున్న మురుగును తప్పించుకుంటూ, పైజామా అంచులు ఎత్తిపట్టుకుని మస్జిద్‌కు రావలసి వస్తే ఆ మొదటి అధ్యాయం మన గల్లీలోకి వచ్చినట్లే.

మన పట్టణాలలోని పాత మహల్లాలను గమనించండి. హైదరాబాద్ పాతబస్తీ కావచ్చు. కర్నూలు, కడప, గుంటూరులలోని పాత పేటలు కావచ్చు. ఒకప్పుడు ఒకే ప్రాంగణంగా ఉన్న ఇల్లు వారసత్వ పంపకాలలో మూడు నాలుగు వాటాలయింది. మధ్యన గోడలు లేచాయి. గుమ్మాలు వేరయ్యాయి, కరెంటు మీటర్లు వేరయ్యాయి. నేల కింది గొట్టం మాత్రం పంపకానికి రాలేదు. తాతగారి కాలంలో వేయించిన ఆ సిమెంటు గొట్టమే నాలుగు కుటుంబాల మురుగును వీధిలోని మ్యాన్‌హోల్ వరకు మోస్తూ ఉంటుంది. తర్వాత మేడలు లేచాయి, అంతస్తుకొక కుటుంబం చేరింది. గొట్టం వెడల్పు మాత్రం అంగుళమైనా పెరగలేదు. కంటికి కనిపించని వస్తువు కనుక అది ఎవరికీ గుర్తుండదు. పగిలిన రోజున మాత్రం అందరి నోటా ఒకే ప్రశ్న: డబ్బు ఎవరు పెట్టాలి?

వీధిలోని పెద్ద లైన్ల నిర్వహణ ప్రభుత్వ సంస్థల బాధ్యత. హైదరాబాద్‌లో 1989లో ఏర్పడిన జలమండలి ఆ పని చూస్తుంది. ఇతర పట్టణాలలో మునిసిపాలిటీలు చూస్తాయి. ఇళ్ల నుండి ఆ లైను వరకు వెళ్లే గొట్టం ఇళ్లవారిదే. కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది అడ్డంకి ఎక్కడ ఉన్నదన్న సంగతి. ఇందుకు పెద్ద విద్యేమీ అవసరం లేదు. దారి పొడవునా ఉన్న చాంబర్ల మూతలు తీసి చూస్తే, నిండిన చాంబర్‌కూ దాని దిగువన ఎండి ఉన్న చాంబర్‌కూ మధ్యనే అడ్డంకి ఉంటుంది. వీధి మ్యాన్‌హోల్ కూడా నిండి ఉంటే తప్పు పెద్ద లైనులో ఉన్నదని అర్థం. అప్పుడు ఇరుగుపొరుగులు పోట్లాడుకోవలసిన పనే లేదు, కలిసి వెళ్లి ఫిర్యాదు చేయాలి. మ్యాన్‌హోల్ ఖాళీగా ఉండి సందులోని చాంబర్ నిండి ఉంటే ఆ బాధ్యత మనదే.

ఇక అసలు వివాదానికి వద్దాం. సాధారణంగా వినిపించే మాట ఇది: పగిలింది మీ గుమ్మం ముందు కదా, మీరే బాగు చేయించుకోండి! వినడానికి సబబుగానే తోస్తుంది. కానీ నీటి స్వభావం తెలిసినవారు ఈ మాట అనరు. గొట్టం చివరి భాగంలో అడ్డుపడితే మురుగు వెనక్కి తన్నుతుంది. అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇంటి స్నానాల గది జాలీలోంచో, మరుగుదొడ్డి బేసిన్‌లోంచో అది మొదట బయటపడుతుంది. ఎగువ ఇళ్లవారికి ఆ సంగతే తెలియదు. వారి ఇంట్లో నీరు ఎప్పటిలాగే దిగిపోతూ ఉంటుంది. వారు కులాయి తిప్పినప్పుడల్లా ఆ నీరు వచ్చి చేరేది పొరుగువాడి గదిలోకి. అంటే దిగువ ఇంటివాడు తన మురుగుతో బాధపడటం లేదు, నలుగురి మురుగుతో బాధపడుతున్నాడు. అటువంటివాడిని పిలిచి, నీ గుమ్మం ముందే కదా అనడం, దెబ్బ తిన్నవాడితోనే మందు ఖర్చు కట్టించడం వంటిది.

కాబట్టి గొట్టం ఎవరి ముంగిట పగిలిందన్నది సరైన ప్రశ్న కాదు. పగిలిన చోటు గుండా ఎవరెవరి నీరు పారుతోందని అడగాలి. ఇది మేము కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు శతాబ్దాల క్రితమే ఈ విషయాన్ని కూలంకషంగా చర్చించారు.

టర్కీ ఉస్మానీ సుల్తానుల పాలనలో, అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో, 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ఒక పౌర న్యాయస్మృతి రూపొందింది. దాని పేరు ‘మజల్లతుల్ అహ్కామిల్ అద్లియ్యా’. ఉమ్మడి ఆస్తుల మరమ్మతు ఖర్చులకు అందులో ఒక ప్రత్యేక భాగమే ఉంది. ఉమ్మడి నీటి కాలువ పూడిక తీసేటప్పుడు లెక్క ఎగువ నుండి మొదలుపెట్టాలని, ఉమ్మడి మురుగు కాలువ విషయంలో దిగువ నుండి మొదలుపెట్టాలని అక్కడ నిర్దేశించారు. పైపైన చూస్తే రెండూ కాలువలే కదా, ఈ తేడా ఎందుకని అనిపిస్తుంది. ఆలోచిస్తే అందులోని న్యాయం తేటతెల్లమవుతుంది. పొలానికి వచ్చే నీరు ఎగువ భాగం దాటితేనే అందరికీ అందుతుంది. కనుక ఎగువ భాగం అందరిదీ. తన పొలం దాటిన తర్వాతి కాలువతో ఎగువ రైతుకు పని లేదు. మురుగు విషయం ఇందుకు తలక్రిందులు. అది ఇంటి నుండి బయటికి పోతుంది. అందరి మురుగూ దిగువ భాగం గుండానే పోవాలి. కనుక దిగువ భాగం అందరిదీ. పైకి వెళ్లే కొద్దీ దిగువవారు ఒక్కొక్కరే ఖర్చు నుండి తప్పుకుంటారు. అన్నిటికంటే పైన ఉన్న ముక్క పై ఇంటివానికి మాత్రమే ఉపయోగం కనుక అది అతనొక్కడిదే. ప్రయోజనం ఎవరిదో భారమూ వారిదే అన్న సూత్రానికి ఇంతకంటే చక్కని అన్వయం దొరకదని మా అభిప్రాయం.

అంకెలలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఒక సందులో వరుసగా నాలుగిళ్లు ఉన్నాయనుకుందాం. మొదటి ఇల్లు లోపలి చివరన ఎగువన, నాలుగో ఇల్లు వీధి మ్యాన్‌హోల్ పక్కన దిగువన. గొట్టం నాలుగు సమానమైన ముక్కలు. ముక్కకు 12,000 రూపాయల చొప్పున మొత్తం మార్చడానికి 48,000 రూపాయలు. నాలుగో ఇంటి ముందున్న దిగువ ముక్కను నలుగురూ వాడుతున్నారు, కనుక తలా 3,000. దాని పైముక్కను మొదటి మూడిళ్లు వాడుతున్నాయి, తలా 4,000. ఆ పైముక్క ఇద్దరిది, తలా 6,000. చిట్టచివరి ముక్క మొదటి ఇంటిదే, 12,000. కూడితే మొదటి ఇంటిపై 25,000, రెండో ఇంటిపై 13,000, మూడో ఇంటిపై 7,000, నాలుగో ఇంటిపై 3,000 రూపాయలు పడతాయి. గొట్టమంతా కాకుండా నాలుగో ఇంటి ముందు ముక్క మాత్రమే పగిలిందనుకోండి. అప్పుడు 12,000 రూపాయలను నలుగురూ సమానంగా, తలా 3,000 చొప్పున భరించాలి. లోకం తీరు ఎలా ఉంది? ఆ 12,000 మొత్తాన్ని నాలుగో ఇంటివాడి నెత్తినే వేస్తున్నాం. అంటే ధర్మం ప్రకారం అతనికి రావలసిన 9,000 రూపాయలను ముగ్గురం కలిసి ఎగవేస్తున్నామన్నమాట. ఇది దాసుల హక్కులకు సంబంధించిన విషయం. హక్కుదారుకు హక్కు తిరిగి ఇవ్వకుండా కేవలం తౌబా చేసినంత మాత్రాన ఆ బాకీ తీరదని ఉలమాలు ఎల్లప్పుడూ హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక భిన్నాభిప్రాయాన్ని కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి నీటి కాలువ పూడికతీత విషయంలో, పని తన భూమిని దాటిన తర్వాత ఆ హక్కుదారు ఖర్చు నుండి విముక్తుడవుతాడని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ (రహ్మతుల్లాహి అలైహిమా) మాత్రం మొదటి నుండి చివరి వరకు ఖర్చును హక్కుదారులందరూ తమ తమ వాటాల చొప్పున పంచుకోవాలన్నారు. కనుక నాలుగిళ్లవారూ మొత్తం 48,000 రూపాయలను తలా 12,000 చొప్పున వేసుకోవాలని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే, అది నిరాధారమైన పద్ధతి అనడానికి వీల్లేదు. ముస్లింల మధ్య హరామ్‌ను హలాల్ చేయని, హలాల్‌ను హరామ్ చేయని ప్రతి రాజీ ధర్మసమ్మతమే. అయితే రాజీకి ముందు ఎవరి వాటా ఎంతో తెలిసి ఉండాలి. లెక్క తెలియకుండా వదులుకున్నదానిలో ఉదారత ఎంత, అమాయకత్వం ఎంత అన్నది ఎవరు చెప్పగలరు?

ఈ లెక్కలో ఒక కష్టం ఉంది. దాన్ని దాచిపెట్టడం సరికాదు. వీధి ముఖం ఉన్న వాటాకు విలువ ఎక్కువ. సందు చివరి వాటాకు తక్కువ. అందువలన లోపలి చివరన, అంటే గొట్టానికి ఎగువన, తరచుగా ఉండేది కుటుంబంలో అందరికంటే పేదవారే. ఏ వితంతువో, వాటా పంచుకోగా మిగిలిన గదిలో బ్రతుకుతున్న చెల్లెలో అయి ఉంటుంది. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే అందరికంటే ఎక్కువ భారం, మన ఉదాహరణలో 25,000 రూపాయలు, ఆమెపైనే పడుతుంది. న్యాయం (అద్ల్), ఉపకారం (ఇహ్సాన్) ఈ రెండింటినీ అల్లాహ్ కలిపి ఆజ్ఞాపించాడు. నాలుగో ఇంటివాడు తన 3,000 దగ్గరే ఆగిపోతే అతను పాపాత్ముడేమీ కాడు. ముందుకు వచ్చి మరో 5,000 వేస్తే అది సదఖా, ఆమె బంధువు కూడా అయితే బంధుత్వ బంధాన్ని బలపరచడం కూడా. పొరుగువారిని గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, చివరికి వారిని వారసులుగా కూడా చేర్చుతారేమో అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారికి అనిపించిందట. ఆ తాకీదుకు అర్థం ఇటువంటి చోటనే బయటపడుతుంది.

ఆమె జకాత్ పుచ్చుకోవడానికి అర్హురాలైతే జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునా అని అడుగుతారు. ఇవ్వవచ్చు; కానీ ఆ సొమ్మును ఆమె చేతికి ఇచ్చి, ఆమెను దానికి యజమానురాలిని చేయాలి. ఆ తర్వాత ఆమె తన వాటాగా చెల్లిస్తుంది. హనఫీ ఉలమాల ప్రకారం జకాత్ డబ్బుతో నేరుగా గొట్టం కొని పాతిపెడితే జకాత్ చెల్లదు. బ్యాంకులో పడిన వడ్డీ సొమ్మును ఈ మురుగు పనికి వాడేద్దామన్న సలహా కూడా కొన్నిచోట్ల వినిపిస్తుంది. తన వాటా ఖర్చు తనపై ఉన్న బాధ్యత. దాన్ని వడ్డీ సొమ్ముతో తీర్చుకోవడమంటే ఆ సొమ్ముతో తానే లాభపడటం. మురుగు కదా అని వడ్డీ హలాల్ అయిపోదు.

అందరూ సమానంగా వాడినా, అందరూ సమానంగా జాగ్రత్త పడరు. గొట్టం పాతబడి పగిలితే ఖర్చు పైన చెప్పిన లెక్క ప్రకారం పంచుకోవాలి. ఒకరి నిర్లక్ష్యం వలన పూడుకుపోతే ఆ ఖర్చు ఆ ఒక్కరిదే. బక్రీద్ రోజుల్లో కుర్బానీ జంతువుల పేగులు, కొవ్వు, రక్తపు గడ్డలు మురుగు జాలీలోకి నెట్టి నీళ్లు కుమ్మరించేవారు ఉన్నారు. కొవ్వు చల్లబడి గొట్టం గోడలకు గట్టిగా అంటుకుంటుంది; దానికి బట్టపీలికలు, శానిటరీ ప్యాడ్లు చుట్టుకుంటే లైను మూసుకుపోతుంది. ఇబాదత్‌గా చేసిన కుర్బానీ వ్యర్థాలు మూడో రోజున పొరుగువాడి మరుగుదొడ్డిలో తేలడం ఎంత అవమానకరం! మేడ మీది వాన నీటి పైపును తెచ్చి మురుగు గొట్టంలో కలపడం మరో తప్పు. ఇళ్ల మురుగు మాత్రమే పోవడానికి వేసిన గొట్టం ఒక్క పెద్ద వానకే నిండి, దిగువ ఇంట్లోకి వెనక్కి తన్నుతుంది. వాన నీరు కలిపినవాడు దాన్ని విడదీయించే ఖర్చు తానే పెట్టుకోవాలి. ఇంట్లో హోటలో, హాస్టలో నడిపేవాడు కూడా తన వాటా మామూలు ఇంటి వాటాతో సమానమని వాదించడం సబబు కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి బోధన ప్రకారం ఇతరులకు హాని కలిగించడం కూడదు, హానికి హానితో బదులు తీర్చుకోవడమూ కూడదు. ఈ రెండో సగాన్ని కూడా గుర్తుంచుకోండి. ఎగువవాడు డబ్బివ్వలేదని కోపగించి దిగువవాడు గొట్టంలో ఇటుక అడ్డుపెట్టడం కూడా హరామే.

అద్దె ఇళ్ల విషయం క్లుప్తంగా. ఇంటి మరమ్మతు, దాని నీటి దారుల మరమ్మతు ఇంటి యజమానిపైనే ఉంటాయని మజల్లాలో ఉంది. అద్దెదారు తప్పిదం వలన పూడుకుంటేనే అది అతని ఖర్చు. వసూలుకు వచ్చినప్పుడు యజమాని అద్దెదారును, అద్దెదారు యజమానిని చూపించుకుంటూ కూర్చుంటే నష్టపోయేది మళ్లీ ఆ దిగువ ఇంటివాడే.

గొట్టం పక్కవాని స్థలంలో నుండి పోతున్నప్పుడు మరో చిక్కు వస్తుంది. గొట్టం బాగు చేయాలంటే అతని వాకిలి తవ్వాలి. అతను ఒప్పుకోడు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) తన ముఅత్తాలో నమోదు చేసిన ఒక సంఘటన ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. హజ్రత్ జహ్హాక్ బిన్ ఖలీఫా తన పొలానికి నీటి కాలువ తెచ్చుకోదలచారు. అది హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజియల్లాహు అన్హు) భూమి గుండా రావాలి. ఆయన నిరాకరించారు. ఈ కాలువ వలన మీకూ నీరు అందుతుంది, నష్టమేమీ లేదు కదా అని జహ్హాక్ నచ్చజెప్పినా వినలేదు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) వద్దకు వెళ్లింది. తనకు నష్టం లేని, సోదరునికి మేలు చేసే పనిని ఎందుకు అడ్డుకుంటున్నావని ఆయన మందలించారు. అయినా ముహమ్మద్ బిన్ మస్లమా ససేమిరా అనడంతో, అవసరమైతే ఆ కాలువ నీ పొట్ట మీదుగానైనా పోయి తీరుతుందని ఒట్టు పెట్టి ఆదేశించారు. ఈ తీర్పును అన్ని సందర్భాలకూ వర్తింపజేయవచ్చునా అనే విషయంలో ఫుఖహాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అది కొత్తగా తవ్వదలచిన కాలువ. మన చర్చ తరతరాలుగా ఉన్న గొట్టం గురించి. దాని గుండా నీరు పోయే హక్కును, అంటే ‘హఖ్ఖుల్ మసీల్’ను, ఫిఖ్హ్ స్పష్టంగా గుర్తించింది.

మన దేశపు చట్టం కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. 1882 నాటి భారతీయ ఈజ్‌మెంట్ల చట్టం ఆనాటి మద్రాసు రాష్ట్రానికి, అంటే నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు మొదటి నుండీ వర్తించింది. పక్కవాని స్థలం గుండా మురుగు పారే హక్కు ఉన్నవాడు దాని మరమ్మతుకు అవసరమైన పనులు చేసుకోవచ్చు; కానీ స్థలం యజమానికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగేలా చేయాలి. గొట్టం కోసం నేల తవ్వితే దాన్ని తిరిగి యథాస్థితికి తేవాలి. ఆ హక్కును కాపాడుకోవడానికయ్యే ఖర్చు కూడా హక్కు అనుభవించేవాడిదే. కాబట్టి మరమ్మతు అంచనాలో గొట్టాల ధర, కూలీలతో పాటు తవ్విన వాకిలికి మళ్లీ బండలు పరిపించే ఖర్చును కూడా మొదటే చేర్చుకోవాలి. చాలా తగవులు గొట్టం దగ్గర రావు. పగిలిన గచ్చు దగ్గర వస్తాయి.

ఒకరు డబ్బు ఇవ్వనంటే ఏం చేయాలి? ఇక్కడ తొందరపాటు వద్దు. ఉమ్మడి ఆస్తిని భాగస్వామి అనుమతి గానీ, న్యాయాధికారి అనుమతి గానీ లేకుండా ఒకరు సొంత డబ్బుతో బాగు చేయిస్తే, ఆ ఖర్చును ఉచితంగా చేసిన ఉపకారంగానే ఫుఖహాలు సాధారణంగా పరిగణించారు; తర్వాత వాటా అడిగే హక్కు బలహీనపడుతుంది. మంచి మనసుతో ముందుగా ఖర్చు పెట్టి, ఆ తర్వాత చీటీ పట్టుకుని తిరిగేవారికి ఎదురయ్యే చేదు అనుభవం ఇదే. అందుకని తవ్వకముందే నలుగురినీ కూర్చోబెట్టాలి. మేస్త్రి అంచనాను చూపించాలి, ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి సంతకాలు తీసుకోవాలి. అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించిన తీరు చూడండి. రాయడం అపనమ్మకానికి గుర్తు కాదు. ఇంకా నిరాకరిస్తే మహల్లా పెద్దల ద్వారా, మస్జిద్ కమిటీ ద్వారా రాజీకి ప్రయత్నించాలి. రాత్రుళ్లు నమాజులలో, పగళ్లు ఉపవాసాలలో గడుపుతూ పొరుగువారిని నోటితో బాధించే ఒక స్త్రీ ప్రస్తావన వచ్చినప్పుడు, ఆమె నరకవాసి అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. నోటి మాటకే అంత శిక్ష ఉంటే, మురుగుతో బాధించేవాని గతి ఏమిటో అతనికి సున్నితంగా గుర్తుచేయడం పెద్దల పని.

ఓడ ఉపమానం కూడా అందరికీ తెలిసినదే. పై అంతస్తులో కొందరు, కింద కొందరు. కిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లవలసి వస్తోందని తమ భాగంలోనే రంధ్రం చేసుకోబోతే, పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బయటపడతారు. మన సందులో ఆ ఉపమానం తలక్రిందులైంది. ఇక్కడ ముందుగా మునిగేది కిందివారు. నీరు పంపేది పైవారు. కానీ చెమ్మ పునాదులలోకి దిగి, బోరు నీటిలో కలిసినప్పుడు పైకప్పుల వ్యత్యాసం ఎవరినీ కాపాడదు.

ఆ నాలుగిళ్లలో ఒకటి ముస్లిమేతర సోదరునిది కావచ్చు. లెక్క అతనికీ అదే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజియల్లాహు అన్హు) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా లేదా అని ఆయన ఇంటివారిని అడిగారు. అక్కడ మాంసం పంచడంలో తేడా చూపనివారు ఇక్కడ న్యాయం పంచడంలో ఎలా చూపుతారు? పైగా దిగువ ఇల్లు అతనిదై, ఎగువ మూడిళ్లూ మనవైతే, మన ధర్మం ఎటువంటిదో అతను గ్రంథాలు చదివి తెలుసుకోడు, తన స్నానాల గది చూసి తెలుసుకుంటాడు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన విషయం. నలుగురూ డబ్బు దగ్గర బేరమాడుకుంటూ పని వాయిదా వేస్తారు. చివరికి దుర్వాసన భరించలేక, తలా కొంత వేసి, దొరికినంత చౌకగా ముగిద్దామని ఒక కూలీని పిలిచి చాంబర్‌లోకో, సెప్టిక్ ట్యాంకులోకో దించుతారు. మూసి ఉన్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు పేరుకుంటాయి. మొదటిది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు క్షణాలలో స్పృహ తప్పుతాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా అక్కడే పడిపోతాడు. ఇటువంటి వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు?

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగులో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. చట్టం మాట అలా ఉంచండి. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని నమ్మే మనం, తలా వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడానికి ఎవరి బిడ్డనో ఆ గుంటలోకి పంపుతున్నాం. అతను ఒప్పుకునే దిగాడు కదా అని సమాధానం చెప్పుకోవడం చెల్లదు. ఆకలి చేయించిన ఒప్పందం అది.

కనుక అంచనా వేసేటప్పుడే యంత్రం ఖర్చును చేర్చండి. నీటిని వేగంగా చిమ్మి పూడిక తొలగించే జెట్టింగ్ యంత్రాలు, పూడికను పీల్చే వాహనాలు నేడు పట్టణాలలో అద్దెకు దొరుకుతున్నాయి. సందు ఇరుకై వాహనం రాకపోతే పొడవైన పైపు లాగి గానీ, పైనుండి రాడ్లు వేసి గానీ శుభ్రం చేయించాలి. ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆ ఎక్కువను నలుగురికి పంచితే తలా ఎంత పడుతుందో లెక్కవేసి చూడండి.

గొట్టం మారుస్తున్నప్పుడు రెండు మూడు జాగ్రత్తలు తీసుకుంటే ఇదే తగవు మళ్లీ రాదు. ప్రతి ఇంటి మురుగు ఉమ్మడి లైనులో కలిసే చోట ఒక చిన్న చాంబర్ కట్టించండి; తర్వాత ఎప్పుడు అడ్డుపడినా అది ఎవరి ముక్కలో ఉన్నదో మూత తీయగానే తెలుస్తుంది. వాలు సరిగ్గా ఉన్నదో లేదో మేస్త్రి చేత కొలిపించండి. గొట్టం ఎక్కడి నుండి ఎక్కడికి, ఎంత లోతున పోతున్నదో ఒక కాగితం మీద గీసి, నాలుగిళ్లలోనూ తలా ఒక ప్రతి ఉంచుకోండి. రేపు ఒక ఇల్లు అమ్ముడుపోతే కొత్తగా వచ్చినవారికి ఆ కాగితం చూపించాలి. లోపాన్ని దాచి అమ్మడం ఎంత పెద్ద తప్పో మరో జుమాలో ఇన్షా అల్లాహ్ చర్చిద్దాం. పూడ్చేముందు నాలుగిళ్లవారినీ పిలవండి. ఎగువ ఇంట్లో రెండు బకెట్ల నీళ్లు పోయించి, దిగువ మ్యాన్‌హోల్ దగ్గర అవి ఆగకుండా వచ్చాయో లేదో అందరూ చూశాక, అప్పుడు మట్టి వేయించండి.